గేర్‌బాక్సులో పోసిన పెట్రోలు

పదకొండేళ్ళుగా నేను ఒక మాట దాచాను. దాచడానికి పెద్దగా శ్రమ పడలేదు. ఎవరూ అడగలేదు. ఎవరైనా అడిగి, నేను బొంకి, వాళ్ళు నమ్మకుండా నా మొహంలోకి చూసి ఉంటే ఎప్పుడో ఒకనాడు బయటపడేదేమో. అడగకపోవడం వల్ల అది లోపలే ఉండిపోయింది. నాతోపాటు అన్నం తిన్నది. నాతోపాటు పడుకున్నది. ఇప్పుడు నేను దాన్ని మోస్తున్నానో, అదే నన్ను నడిపిస్తున్నదో నాకు సరిగా తెలియడం లేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళు లేకపోలేదు. కానీ తెలిసినవాళ్ళ ముందు నేను కూర్చునే తీరు ఒకటుంది. కుర్చీకి వీపు ఆనించకుండా కూర్చుంటాను. మా నాయన అలాగే కూర్చునేవాడు. అలా కూర్చున్న మనిషి నోట ఇలాంటి మాట రాదు. అందుకని ఇవాళ నేల మీద కూర్చుని రాస్తున్నాను.

మాది ఉదయగిరి. ఇంటిపేరు రాయను. రాస్తే ఆ చుట్టుపక్కల వాళ్ళకు ఇప్పటికీ తెలుస్తుంది, అదొక్కటే మాకు మిగిలింది. భూములు మా నాయన రోజుల్లోనే పోయాయి, కొన్ని ఎన్నికలకు, కొన్ని కోర్టులకు. నా వంతుకు వచ్చింది ఒక ఇల్లు, ఒక జీపు. ఇంటి ముందు భాగం చెక్క చెంచాలు చేసేవాళ్ళకు అద్దెకిచ్చి వెనక రెండు గదుల్లో ఉంటున్నాను. పెళ్ళి కాలేదు. వచ్చిన సంబంధాలు మాకు తగినవి కావనుకున్నాను, తగినవి అనుకున్నవి రాలేదు. పొద్దుటి నుంచీ ముందు గదుల్లో చెక్కను అరగదీసే ఆకురాళ్ళ చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. సాయంత్రం అది ఆగిందంటే ఆ ఇంట్లో ఉండలేను. ఈ సంగతి వాళ్ళకు ఎప్పుడూ చెప్పలేదు. చప్పుడు తగ్గించమని మాత్రం రెండు మూడుసార్లు చెప్పాను.

జీపు మా తాత కొన్నది. దాన్ని ముప్ఫై ఏళ్ళు నడిపినవాడు పెంచలయ్య. మా ఇంట్లో పనిచేసిన చివరి డ్రైవరు ఆయనే. ఆయన పోయాక జీపు ఎక్కువగా రేకుల కిందే ఉంది. దాన్ని నేను నడపగలను, కానీ బాగు చేయలేను. బాగు చేయించే స్తోమత లేదన్న సంగతి ఊరికి తెలియకూడదు కాబట్టి, నాకు తీరిక లేదని చెప్పేవాణ్ణి.

పదకొండేళ్ళ కిందట కలువాయిలో మా మేనమామ కొడుకు ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచాడు. మా వైపు బంధువులంతా వస్తారు. అందరూ కార్లలో వస్తారు. నేను బస్సు దిగి, చేతిలో సంచితో ఆ పందిట్లోకి నడిచిపోవడం ఊహించుకున్నాను. ఊహించుకున్న వెంటనే లేచి వెళ్ళి జీపు మీది గుడ్డ తీశాను. ఇంజను పలికింది. గేర్లు పడలేదు. రెండేళ్ళుగా కదలని గేర్‌బాక్సులో నూనె జిడ్డుగట్టి ఉంటుంది, మార్చాలి. అంతే పని. గేర్‌బాక్సు అడుగున ఒక నట్టు ఉంటుంది, అది విప్పితే పాత నూనె కారిపోతుంది. పక్కన ఇంకో నట్టు ఉంటుంది, అది విప్పి కొత్త నూనె పోయాలి. పెంచలయ్య చేస్తుంటే వందసార్లు చూశాను.

ఉదయగిరిలో మెకానిక్కులు లేరా? ఉన్నారు. ఎవరిని పిలిచినా గంటలో బజారంతా తెలుస్తుంది. గేటు గడియ పెట్టి, పాత చొక్కా వేసుకుని, జీపు కింద నేనే పడుకున్నాను.

అడుగు నట్టు కదల్లేదు. మర పట్టేసింది. పెంచలయ్య పానాల్లో దానికి సరిపోయేది కనబడలేదు, కొంచెం పెద్దది దొరికింది. సందులో రేకుముక్క దోపి తిప్పాను. జారింది. మళ్ళీ బిగించి, కాలితో తన్నాను. నట్టు అలాగే ఉంది, దాని మూలలే పోయాయి. రెండో రోజుకు ఆరు మూలల్లో ఒక్కటి కూడా లేదు. వేలితో తడిమితే గుండ్రంగా, నున్నగా తగిలింది. అప్పుడు ఏడుపు వచ్చింది. ఎవరూ లేరు కదా, ఏడవచ్చు. ఏడవలేదు.

టీ అంగడి దగ్గర లారీ డ్రైవర్లు చెప్పుకునే చిట్కా ఒకటి విని ఉన్నాను. నట్టు పట్టేస్తే లోపల పెట్రోలు పోసి రెండు రోజులు వదిలేయాలట, జిడ్డు కరిగి మర లోపలి నుంచి వదులవుతుందట. పక్క నట్టు సులభంగానే వచ్చింది. అందులోంచి లీటరు పైనే పెట్రోలు పోసి మళ్ళీ మూసేశాను. రెండు రోజులు ఆగాను. ఏమీ కాలేదు. పోసింది బయటికి తీయడానికి దారి లేదు, ఉన్న ఒక్క దారి ఆ నట్టే.

ఇక ఆత్మకూరుకు తీసుకుపోవాలనుకున్నాను. అక్కడ ఒకాయన ఉన్నాడు. ఆయన పేరు కూడా మార్చే రాస్తున్నాను, మస్తాను అనుకోండి. విరిగిన బోల్టులు, పట్టేసిన నట్లు తీయడంలో ఆయన్ను మించినవాడు లేడని ఆ రోజుల్లో జలదంకి నుంచి కూడా బండ్లు వచ్చేవి. జీపును మినీ లారీలోకి ఎక్కించే ముందు నేను ఒక పని చేశాను. నట్టు మీద నా పానా చేసిన గీతలు తెల్లగా మెరుస్తున్నాయి. కొంచెం గ్రీజు, గుప్పెడు దుమ్ము తీసుకుని వాటి మీద రుద్దాను. ఈ ఒక్క పని చాలు, మిగతాదంతా నోరు జారి జరిగిందని మీకు చెప్పుకోవడానికి వీల్లేకుండా చేయడానికి.

మస్తానుకు ఒక పద్ధతి ఉండేది. బండి కిందికి పోయే ముందు యజమానిని రెండు ప్రశ్నలు అడిగేవాడు. ఎవరైనా చెయ్యి పెట్టారా, లోపల ఏమైనా పోశారా. లారీ డ్రైవర్లు ఏం చెప్పినా వినేవాడు కాదు. పక్క నట్టు విప్పి, తీగ ముంచి, వాసన చూసి, అప్పుడు గాని నట్టు కాల్చే గ్యాసు మంట తెచ్చేవాడు కాదు. కానీ కొందరి విషయంలో మాట చాలు. అందులో మా ఇల్లు ఒకటి. ఆయన షెడ్డు స్థలం మీద ఎప్పుడో తగాదా వస్తే, పంచాయతీలో మా నాయన ఒక్క మాట చెప్పాడట, దాంతో ఆ స్థలం ఆయనకు నిలిచింది. అందుకని ఆయన ఎదుట మా ఇంటి మాటకు విలువ ఉండేది.

ఆ రోజు షెడ్డులో ఇంకొకాయన కూడా ఉన్నాడు. ఉదయగిరి బజారులో హోల్‌సేల్ కొట్టున్న శెట్టి కొడుకు. తన వ్యాను పని చేయించుకోవడానికి వచ్చి కూర్చున్నాడు. వాళ్ళ నాయన మా నాయనను ‘అయ్యా’ అనేవాడు. ఇతను నన్ను ‘అన్నా’ అంటాడు. అందులో తప్పేమీ లేదని ఇప్పుడనుకుంటున్నాను. అప్పుడు అనుకోలేదు.

మస్తాను జీపు కింద పడుకుని లైటు వేసి చూశాడు.

“యా అల్లా! ఎవురు చిన్నయ్యా దీన్ని ఈ మాదిరి చేసింది? గోలీకాయ చేసిపెట్టినాడే!”

శెట్టి కొడుకు నవ్వాడు. “ఇంకెవురు మస్తానూ, అన్నే పానా పట్టుంటాడు. ఇప్పుడు అన్నకి డ్రైవరు యాడుండాడు?”

షెడ్డులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. మస్తాను నవ్వలేదు. “నువ్వూరుకో శెట్టీ. ఆ ఇంటోళ్ళు పానా పట్టేదేంది? నీ వ్యాను సంగతి చూసుకో ముందు.” తర్వాత జీపు కింది నుంచే నన్ను అడిగాడు. “చెప్పండి చిన్నయ్యా. ఎవురన్నా చెయ్యి పెట్టినారా?”

“ఎవరూ పెట్టలేదు. పెంచలయ్య రోజుల్లోది అది.”

“పెంచలయ్యా? ఆయన ఇట్టాంటి పని చేసే మనిషి కాదే.”

“చివర్లో కండ్లు ఆనలేదులే.”

“అట్నా, పాపం. లోపల ఏమన్నా పోసినారా? పెట్రోలు, కిరసనాయిలు?”

“లేదు.”

“ఎందుకడగతా ఉండానంటే, నేను గ్యాసు పెట్టాల దీనికి.”

“లేదని చెప్తున్నాను కదా.”

“మీరు లేదంటే లేదే. ఇంక పక్క నట్టు మూత తీసి చూసే పన్లే.” తమ్ముణ్ణి కేకేశాడు. “రేయ్, గ్యాసు తీసకరా.”

ఇదీ మా మధ్య జరిగిన మాట. ఒక్క అక్షరం మరిచిపోలేదు.

ఆ తర్వాత పది నిమిషాలు పట్టింది. నట్టు చుట్టూ ఇనుము కాలి ఎర్రబడాలంటే అంత సేపు కావాలి. శెట్టి కొడుకు టీలు చెప్పించాడు. నాకు కూడా ఒక గ్లాసు ఇచ్చారు. తాగాను. జీపు కింద నీలం మంట బుస్సుమంటున్నది. లేదు అన్న మాట పౌరుషం కొద్దీ నోటి నుంచి వచ్చిందనుకుందాం. మరి ఆ పది నిమిషాలు? పెట్రోలు ఈపాటికి ఆవిరైపోయి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నానని చాలా ఏళ్ళు నమ్మాను. మూసి పెట్టిన ఇనుప డబ్బాలోంచి ఎక్కడికి ఆవిరవుతుంది? నాకు తెలియదా? ‘మస్తానూ ఆగు’ అనే రెండు మాటలు నా నోటి దాకా వచ్చాయి, ఇది నిజం, అవి వచ్చిన చోటు నాలుక మీద ఇంకా గుర్తుంది. కానీ అవి అనగానే శెట్టి కొడుకు మొహం ఎలా మారుతుందో, టీ గ్లాసు పక్కన పెట్టి ఎలా నవ్వుతాడో, ఉదయగిరి బజారులో దాన్ని ఎలా చెబుతాడో కూడా అప్పుడే కనిపించింది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూశాను. చూసి, టీ తాగాను.

మంట తమ్ముడి చేతికిచ్చి, మస్తాను ఉలి పెట్టి సుత్తితో కొట్టాడు. మూడో దెబ్బకు నట్టు తిరిగింది.

“వచ్చేసినాది చిన్నయ్యా!” అన్నాడు. ఆ గొంతులో ఉన్న సంతోషం నాకోసమే.

రావలసింది నల్లటి చిక్కటి నూనె. మెల్లగా, తీగలా కారాలి. వచ్చింది నీళ్ళలాగా ధారగా వచ్చింది. కాలిన ఇనుము మీద పడి అంటుకుంది. ఆయన కింద ఉన్నాడు. కుడి చెయ్యి ఇంకా నట్టు మీదే ఉంది. తమ్ముడు కాళ్ళు పట్టి బయటికి లాగాడు. ఎవరో గోనెపట్ట కప్పారు, ఎవరో ఇసుక చల్లారు. అక్కడున్నవాళ్ళలో ఆ మండుతున్నదేమిటో తెలిసినవాణ్ణి నేను ఒక్కణ్ణే. నేను ఏం చేశాను? రెండడుగులు వెనక్కి వేశాను. నా పంచె మీద నిప్పురవ్వలు పడకుండా.

ఆత్మకూరు ఆసుపత్రి నుంచి నెల్లూరు పంపారు. నేను కూడా వెంట వెళ్ళాను. మూడు రోజులు ఆ వరండాలో కూర్చున్నాను. పెద్దింటి మనిషి, ఎంత మంచితనం, అని ఆయన భార్య నాకు దండం పెట్టింది. నేను చేతులు ఎత్తలేదు. అది కూడా గొప్పతనంగానే కనబడి ఉంటుంది. మూడో రోజు లోపలికి పిలిచారు. సగం మొహానికి కట్టు. మాట్లాడటానికి పెదవులు కూడదీసుకుని, “తప్పు నాదే చిన్నయ్యా. పాత నూనె అట్ట అంటుకుంటాదని అనుకోలా. మూత తీసి చూడాల్సిండె. మీ జీపుకేం కాలేదు గదా?” అన్నాడు.

కాలేదు అన్నాను. నిజమే, కాలేదు. ఇసుక కడిగి, కొత్త నట్టు బిగించి, కొత్త నూనె పోసి, ఆయన తమ్ముడే దాన్ని నా చేతికి అప్పగించాడు. గేర్లు వెన్నలా పడ్డాయి. ఆ వారంలోనే నేను దాన్ని నడుపుకుంటూ కలువాయి వెళ్ళాను. పందిట్లో అందరూ లేచి పలకరించారు. తాతగారి జీపు ఇంకా కొత్తదానిలా ఉందే అన్నారు. భోజనం చేశాను. రెండోసారి పాయసం కూడా వేయించుకున్నాను.

ఇది రాయకుండా వదిలేద్దామనుకున్నాను. పాయసం సంగతి.

మస్తాను కుడి చేతి వేళ్ళు మూడు ముడుచుకుపోయాయి, పానా చుట్టూ మూసుకోవు. కుడి కన్ను మసక. అవి నేను చూడగలిగినవి. చూడలేనిది ఇంకొకటి ఉంది. ఆయన మంట చూసి పెట్టడం మానేశాడని, కండ్లు మూసుకుని గ్యాసు పెట్టాడని ఊళ్ళో మాట పుట్టింది. దూరం నుంచి బండ్లు రావడం తగ్గింది. దుత్తలూరు నుంచి వచ్చిన ఒక ట్రాక్టరు యజమాని బస్‌స్టాండులో నా పక్కనే నిలబడి, మస్తాను దగ్గరికి పోబాకండి, చేతగాని పని చేసి కాల్చుకున్నాడు, అని ఇంకొకాయనకు చెప్పడం నేను విన్నాను. బస్సు వచ్చింది, ఎక్కాను. షెడ్డు తమ్ముడు నడుపుతున్నాడు. ఆయన బయట కుర్చీ వేసుకుని, చెయ్యి తువ్వాలు కింద పెట్టుకుని, తమ్ముడికి ఎలా చేయాలో చెబుతుంటాడు. తమ్ముడు వింటాడు, ఒక్కోసారి వినడు.

పెంచలయ్య మీద వేసిన నింద వేరే. ఆయన చివరి వరకు సూదిలో దారం ఎక్కించేవాడు. తప్పు నాదని చెప్పుకుందామంటే ఇప్పుడు ఆ మనిషే లేడు.

ఇన్నేళ్ళు ఎలా ఉన్నాను అని అడుగుతారేమో. బాగానే ఉన్నాను. అదే నాకు అర్థం కానిది. ఆత్మకూరు పోయినప్పుడల్లా ఆ షెడ్డు ముందు ఆగేవాణ్ణి. ఆగకపోతే అనుమానం వస్తుందని మొదట్లో, ఆ తర్వాత అలవాటు కొద్దీ, ఆ తర్వాత, ఇది ఒప్పుకోవడానికి నాకు కష్టంగా ఉంది, నన్ను చూసి మనస్ఫూర్తిగా సంతోషించే మనిషి ఈ జిల్లాలో ఆయన ఒక్కడే కాబట్టి. నేను కనబడగానే లేచి తన కుర్చీ నాకిచ్చి, తాను పాత టైరు మీద కూర్చుంటాడు. ఆ కుర్చీలో కూడా నేను వీపు ఆనించకుండానే కూర్చున్నాను.

పోయిన నెల అలా కూర్చుని ఉండగా ఒక కుర్ర డ్రైవరు వ్యాను తెచ్చాడు. ఏదో నట్టు పట్టేసింది. తమ్ముడు గ్యాసు పెడదామన్నాడు. మస్తాను లేచి అడ్డం పడ్డాడు. “మూత తీసి చూడందే పెట్టబాక! నా మాదిరి చెయ్యబాక!” అని అరిచాడు. తర్వాత ఆ డ్రైవరు వైపు తిరిగి, ముడుచుకున్న చెయ్యి తువ్వాలులోంచి తీసి చూపించాడు. “ఇది ఎవురో చేసింది కాదబ్బాయ్. నా పొగరు. నాకంతా తెలుసనుకున్నా. పదకొండేళ్ళయినాది, ఇప్పటికీ పండుకుంటే అదే యోచన, మూత తీసుంటే ఏమయ్యుండేది అని.” నా వైపు చూపించాడు. “అద్దో, ఆ అయ్య సాచ్చి. ఆయన ఎదురుగానే జరిగినాది. అడుగు కావాలంటే.”

ఆ డ్రైవరు నా వైపు చూశాడు. అడగలేదు, చూశాడు అంతే.

నేను తల ఊపాను.

పదకొండేళ్ళ కిందట నేను చెప్పిన అబద్ధానికి శెట్టి కొడుకు నవ్వు ఒక కారణంగా ఉంది. ఈ తల ఊపడానికి ఏ కారణమూ లేదు. అక్కడ నన్ను ఎగతాళి చేసేవాడు లేడు. పోగొట్టుకోవడానికి పరువు లేదు, జీపు కూడా పోయిన ఏడే పాత ఇనుము కింద పోయింది. అయినా ఊపాను. ఆయన చెయ్యి, కన్ను, పని పోయాయని నాకు తెలుసు, కానీ ఆయన పడుకున్నప్పుడు కూడా నేను చేసిన దానికి తనను తాను తిట్టుకుంటున్నాడని ఆ రోజు వరకు నాకు తెలియదు. తెలిశాక కూడా తల ఊపాను. దీనికి నేనేం పేరు పెట్టుకోను?

ఆ తర్వాత రెండుసార్లు చెప్పాలని బయలుదేరాను. ఒకసారి బస్సు సగం దారిలో ఆగితే దిగిపోయాను. ఒకసారి షెడ్డు దాకా వెళ్ళాను. ఆయన లేచి కుర్చీ తుడిచాడు. కూర్చున్నాను, వానల గురించి మాట్లాడి వచ్చేశాను.

ఎదుట నిలబడి క్షమించమంటే ఆయన ఏం చేస్తాడో నాకు తెలుసు. ఒక్క నిమిషం కూడా ఆలోచించడు. పోనీలే చిన్నయ్యా అంటాడు, టీ తెప్పిస్తాడు, నా మనసు కష్టపడిందని తానే బాధపడతాడు. అలా నేను ఆయన దగ్గర ఇంకొకటి కూడా తీసుకుని వచ్చినవాణ్ణవుతాను. అందుకని అడగను. ఆయన తమ్ముడు కోపగిస్తే, ఆయన భార్య తిడితే, అవి నాకు రావలసినవే. వాటి నుంచి తప్పించుకోవడానికి ఈ మాట చెప్పడం లేదు.

ఇది చదివేవాళ్ళలో ఆత్మకూరు వాళ్ళు ఎవరైనా ఉంటారు. పేరు మార్చి రాసినా ముడుచుకున్న ఆ చెయ్యి ఎవరిదో మీకు తెలుస్తుంది. ఆయనకు కన్ను సరిగా ఆనదు కాబట్టి చదివి వినిపించండి. ఆ నట్టు మూలలు పోగొట్టింది నేను, పెట్రోలు పోసింది నేను, అడిగితే లేదన్నది నేను. మూత తీసి చూడకపోవడం ఆయన పొగరు కాదు, నమ్మకం. ఇది ఆయనకు చెప్పండి. రాసిందెవరని అడగడు. అడిగితే ఉదయగిరి నుంచి ఒకాయన అనండి చాలు. నా దగ్గరికి వచ్చి ఎవరడిగినా ఈసారి కాదనను.